చెక్కులో దాగిన రాజు

"చెక్‌డ్యామ్ బిల్లు చెక్కు వచ్చిందో లేదో ఒకసారి చెక్ చెయ్యి."

పంచాయతీ ఆఫీసు వరండాలో కాసేపు నిలబడితే ఇలాంటి మాట చెవిన పడటం కష్టం కాదు. చెప్పేవాడికీ వినేవాడికీ అందులో తికమక ఏమీ లేదు. మొదటి చెక్ నీళ్ళను ఆపేది. రెండోది డబ్బులిచ్చే కాగితం. మూడోది సరిచూడటం. ఆ మాటన్న మనిషి గళ్ళ చొక్కా తొడుక్కుని ఉంటే నాలుగోది కూడా అక్కడే ఉంది. బట్టల కొట్టులో ఆ గళ్ళను 'చెక్స్' అనే అడుగుతాం. ఇంటికొచ్చి పేపరు తిరగేస్తే 'అక్రమ రవాణాకు చెక్' అని శీర్షిక. అమెరికాలో ఉన్న మనవాళ్ళు హోటల్లో భోంచేశాక బిల్లు తెమ్మనడానికి కూడా 'చెక్' అనే అంటారు.

ఇదంతా ఒకటే మాటా? లేక పుట్టుకలు వేరైన మాటలు కాలక్రమంలో ఒకే రూపానికి వచ్చాయా? తెలుగులో నడిచే కాలు వేరు, నిప్పులో కాలు వేరు. చెవికి ఒకటే అయినా వాటికి చుట్టరికం లేదు. 'చెక్' విషయంలో నిఘంటుకారుల తీర్పు వేరుగా ఉంది. ఆపడం, సరిచూడటం, గళ్ళు, బ్యాంకు కాగితం అన్నీ ఒకే మూలం నుంచి వచ్చాయనీ, ఆ మూలం పారశీకంలో రాజు అనే అర్థమున్న 'షాహ్' అనీ వాళ్ళు చెబుతారు. వినడానికి నమ్మశక్యంగా ఉండదు. అందుకే ఈ గొలుసులోని ఒక్కొక్క కొక్కేన్ని పట్టి లాగి, ఏది గట్టిదో ఏది వదులుగా ఉందో చూడటం ఈ వ్యాసం పని. పరీక్షకు మూడు ప్రశ్నలు చాలు. ఆ రూపం ఏ కాలంలో రాతలో దొరుకుతోంది? ముందు రూపానికీ తర్వాతి రూపానికీ మధ్య మెట్లు కనిపిస్తున్నాయా? అర్థం మారడానికి కారణమైన వస్తువో ఆచారమో ఏదైనా ఉందా?

రాజు పేరు కేకగా మారడం

ఇరాన్‌లోని బెహిస్తూన్ కొండ మీద పారశీక చక్రవర్తి దరియస్ చెక్కించిన శాసనం క్రీ.పూ. 6వ శతాబ్ది చివరి నాటిది. అందులో అతను తనను తాను 'ఖ్షాయథియ' అని చెప్పుకుంటాడు. రాజు అని అర్థం. వందల ఏళ్ళ వాడుకలో ఆ మాట అరిగి అరిగి 'షాహ్' అయింది. దీని ధాతువుకూ మన సంస్కృతంలోని క్షత్ర, క్షత్రియ శబ్దాలకూ చుట్టరికం ఉంది. ఇక్కడొక జాగ్రత్త అవసరం. ఇవి ఒకే పూర్వ భాష నుంచి చీలిన అన్నదమ్ముల బిడ్డలు. 'క్షత్రియ' నుంచి 'షా' పుట్టలేదు, 'షా' నుంచి 'క్షత్రియ' పుట్టలేదు.

ఈ షా మన నేలకు నేరుగా ఒక దారిన వచ్చాడు. 1518 నుంచి 1687 దాకా గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీల పేరులో ఉన్నది అతనే. పాదుషాలో ఉన్నది అతనే. మన ఇళ్ళలో నేలకు పరిచే షాబాద్ బండకు పేరిచ్చిన షాబాద్ ఊరి పేరులోనూ అతనే. రెండో దారి చాలా దూరం తిరిగి వచ్చింది. బాగ్దాదు, పారిస్, లండన్ చుట్టి, బ్యాంకు కౌంటరు మీదుగా మన జేబులోకి చేరింది. ఆ రెండో దారికి వాహనం చదరంగం.

చదరంగం భారతదేశంలో పుట్టిందన్న మాటకు రాత సాక్ష్యం ఉంది. 7వ శతాబ్దిలో బాణుడు 'హర్షచరితం'లో హర్షుని పాలన ఎంత ప్రశాంతమో చెబుతూ, వరసకు ఎనిమిది గళ్ళున్న పలక అయిన అష్టాపదాన్నీ చతురంగాన్నీ కలిపి శ్లేష చేశాడు. చదువరికి ఆట తెలియకపోతే ఆ శ్లేష పండదు. ఆట పారశీకానికి వెళ్ళి 'చత్రంగ్' అయింది. మన దేశపు రాజొకడు ఆ ఆటను పారశీక రాజు అనుషిర్వాన్ కొలువుకు పంపి అర్థం విప్పమన్నాడని మధ్య పారశీకంలో ఒక చిన్న గ్రంథమే ఉంది. అనుషిర్వాన్ పాలించింది 531–579 మధ్య. గ్రంథంలోని కథను చరిత్రగా తీసుకోలేం. కానీ ఆట భారతదేశం నుంచి వచ్చిందని ఇరానీయులే ఒప్పుకున్నారనడానికి అది మంచి సాక్ష్యం.

అరబ్బుల నోట అది 'షత్రంజ్' అయింది. స్పెయిన్, పోర్చుగల్ ఆ పేరునే పట్టుకున్నాయి. నేటికీ వాళ్ళ భాషల్లో ఆట పేరులో మన 'చతురంగం' వినిపిస్తుంది. మిగిలిన ఐరోపాలో చాలా భాగం మాత్రం ఆట పేరును వదిలేసి ఆటగాడి కేకను పట్టుకుంది. ఎదుటివాడి రాజు మీదికి ఎత్తు వేసినప్పుడు 'షాహ్!' అని హెచ్చరించాలి, అంటే 'నీ రాజు జాగ్రత్త' అని. ఆట పక్కన నిలబడి చూసే పరాయివాడికి మళ్ళీ మళ్ళీ వినపడేది ఆ ఒక్క కేకే. మన చెడుగుడులో కూత ఏదో ఆట పేరూ అదే కదా.

స్విట్జర్లాండ్‌లోని ఐన్సీడెల్న్ మఠంలో దొరికిన, సుమారు 1000వ సంవత్సరం నాటి లాటిన్ పద్యం ఐరోపాలో చదరంగాన్ని వర్ణించిన తొలి రాతల్లో ఒకటి. అప్పటికే ఆటకు 'స్కాక్' అనే రూపంతో పేరుంది. పాత ఫ్రెంచిలో అది 'ఎస్చెక్'. దాని బహువచనం నుంచి ఇంగ్లీషు 'చెస్' వచ్చింది. ఏకవచనం నుంచి 'చెక్' వచ్చింది. అంటే 'చెస్' అంటే రాజులు, 'చెక్' అంటే రాజు. ఈ మెట్లన్నీ రాతలో కనిపించేవే.

ఒక్క చోట కొక్కెం కొంచెం వదులు. 'షాహ్' చివర ఉన్నది హకారం, 'స్కాక్' చివర ఉన్నది కకారం. హ ఎందుకు క అయింది? లాటిన్ నోటికి ఆ పరాయి ధ్వని అలా పలికిందని చాలామంది సరిపెట్టుకున్నారు. ఫ్రెంచి భాషా శాస్త్రజ్ఞులు ఇంకో కారణం కూడా చూపుతారు. పాత ఫ్రెంచిలో కొల్లసొమ్ము అనే అర్థంలో జర్మన్ శాఖ నుంచి వచ్చిన మరో 'ఎస్చెక్' ఉండేది. ఆటలో పావును పట్టుకోవడం, యుద్ధంలో కొల్లగొట్టడం దగ్గరి భావాలు కాబట్టి ఒకటి మరొకదాని రూపాన్ని లాగి ఉంటుందని వాళ్ళ వాదన. నా వరకు ఇది సంభవమే అనిపిస్తుంది. అయితే రాజు మూలాన్ని అది కాదనదు, దాని తోకను మాత్రమే వివరిస్తుంది.

ఇక్కడే 'చెక్‌మేట్' మాట కూడా చూడాలి. 'షాహ్ మాత్' అంటే 'రాజు చచ్చాడు' అని చాలా పుస్తకాలు రాశాయి, అరబ్బీలో 'మాత' అంటే చనిపోవడం కాబట్టి. కానీ ఆట అరబ్బులకు అందింది పారశీకుల చేతుల మీదుగా. పారశీకంలో 'మాత్' అంటే దిక్కుతోచని స్థితి, నిలువునా చిక్కుబడటం. ఆటలో జరిగేదీ అదే. చదరంగంలో రాజును ఎవరూ చంపరు. కదలడానికి గడి లేకుండా చేస్తారు. మన తెలుగు మాట 'ఆటకట్టు' కూడా ఈ అర్థానికే దగ్గర. రాజు చావు కథ కన్నా రాజు చిక్కు కథకే బలం ఎక్కువ.

గళ్ళ గుడ్డ మీద రాజ్యపు లెక్క

ఆట నుంచి డబ్బులోకి ఈ మాట ఎలా దూకింది? అందుకు కారణమైన వస్తువు ఒకటుంది. దాని కొలతలతో సహా మనకు వర్ణన మిగిలింది. ఇంత అదృష్టం శబ్ద చరిత్రలో తరచు దొరకదు.

ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీ దగ్గర కోశాధికారిగా ఉన్న రిచర్డ్ ఫిట్జ్‌నీల్ 1170ల చివర్లో లాటిన్‌లో గురుశిష్య సంవాదంగా ఒక పుస్తకం మొదలుపెట్టాడు. పేరు 'ఖజానా సంవాదం' అనుకోవచ్చు. శిష్యుడు మొట్టమొదట అడిగే సంగతుల్లో ఒకటి, ఈ ఖజానాకు చదరంగ పలక అనే అర్థమున్న 'స్కాకారియం' పేరెందుకని. గురువు బల్లను చూపించినట్టే చెబుతాడు. పొడవు పది అడుగులు, వెడల్పు అయిదు అడుగులు. పైన పెట్టినవి దొర్లిపోకుండా చుట్టూ నాలుగు వేళ్ళ ఎత్తు అంచు. బల్ల మీద ఈస్టర్ పండుగ వేళకు కొత్తగా కొన్న నల్లటి గుడ్డ. గుడ్డ మీద గీతలు. గీతకూ గీతకూ మధ్య ఒక అడుగో, చాచిన జానెడో ఎడం.

ఆ గళ్ళలో బిళ్ళలు పెట్టి లెక్క కట్టేవాళ్ళు. ఒక వరస పెన్నీలకు, ఒకటి షిల్లింగులకు, ఒకటి పౌన్లకు, తర్వాత ఇరవైలకు, వందలకు, వేలకు. జిల్లా నుంచి శిస్తు తెచ్చిన షెరీఫ్ ఒకవైపు కూర్చుంటాడు. అతను కట్టాల్సింది ఇంత అని బిళ్ళలు పరుస్తారు, కట్టింది ఇంత అని వాటి కింద ఇంకో వరస పరుస్తారు, కిందిదాన్ని పైదాంట్లోంచి తీసేస్తారు. గళ్ళు ఖాళీ అయితే షెరీఫ్ ఊపిరి పీల్చుకుంటాడు. పల్లెలో అరుగు మీద అష్టాచెమ్మా గళ్ళు గీసి చింతపిక్కలు జరిపే పిల్లలకు ఈ బల్లను చూపిస్తే కొత్తగా అనిపించదు. రోమన్ అంకెలతో కూడికలు, తీసివేతలు చేయడం ఎంత కష్టమో చేసి చూసినవాళ్ళకు తెలుసు. సున్నా వాడుకలో లేని ఆ రోజుల్లో ఖాళీ గడే సున్నా పని చేసింది.

ఫిట్జ్‌నీల్ రెండు కారణాలు చెప్పాడు. బల్ల చూడటానికి చదరంగ పలకలా ఉంది, ఇది ఒకటి. అక్కడ కోశాధికారికీ షెరీఫ్‌కూ మధ్య జరిగేది చదరంగంలాంటి పోరాటం, ఇది రెండోది. మొదటిదానికి వస్తువు సాక్ష్యం ఉంది. రెండోది పేరు ముందే ఉన్నాక కోశాధికారి దానికి అల్లిన చమత్కారం అని నా అభిప్రాయం. ఆ పేరు అతని పుస్తకానికి అరవై, డెబ్బై ఏళ్ళ ముందే, మొదటి హెన్రీ కాలంలో రాతల్లో ఉంది. లాటిన్ 'స్కాకారియం' ఫ్రెంచి నోట 'ఎస్చెకియే' అయి, ఇంగ్లీషులో 'ఎక్స్‌చెకర్' అయింది. మధ్యలో ఆ ఎక్స్ అక్షరం పండితులు పొరబడి దూర్చింది. మాట మొదట్లో ఉన్నది లాటిన్ ఉపసర్గ అనుకున్నారు. బ్రిటన్ ఆర్థిక మంత్రిని ఈనాటికీ 'చాన్సలర్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్' అంటారు. ఆ పదవి పేరులో చదరంగ పలక ఉంది, పలకలో రాజు ఉన్నాడు.

చొక్కా మీది గళ్ళు కూడా ఈ కొమ్మ నుంచే వచ్చాయి. పలకకు 'చెకర్' అనే పేరు, పలకలాంటి గళ్ళకూ అదే పేరు, ఆపైన కురుచగా 'చెక్'. 1370 ప్రాంతంలో చాసర్ రాసిన 'బుక్ ఆఫ్ ది డచెస్'లో అదృష్టదేవత ఒక వీరుడితో చదరంగం ఆడి గెలుస్తుంది. అక్కడ చెక్, మేట్, చెకర్ మూడు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి. అంటే 14వ శతాబ్దికి ఇవన్నీ ఇంగ్లీషు కవికి ఇంటి మాటలే. తర్వాతి రోజుల్లో కోరమండల్ తీరపు గళ్ళ రుమాళ్ళు ఐరోపాకు ఎన్నో వెళ్ళాయి. 1613లో డచ్చివాళ్ళు కోట కట్టుకున్న పులికాట్ పేరు మీద ఆ రుమాళ్ళను ఇంగ్లీషులో 'పులికాట్స్' అనే అనేవాళ్ళు. ఆ ఊరు ఇప్పుడు తమిళనాడులో ఉంది, ఊరి పక్క సరస్సు చాలావరకు మన ఆంధ్రప్రదేశ్ వైపు ఉంది. మన నేతగాళ్ళు గళ్ళు నేసింది చదరంగం చూసి కాదు. నిలువు పడుగు, అడ్డం పేక, రెండింటికీ రంగు దారం వేస్తే గళ్ళు వాటంతటవే పడతాయి. ఇంగ్లీషువాళ్ళ పేరుకు చదరంగం మూలం. వస్తువుకు మగ్గం మూలం. ఈ రెండింటినీ కలిపేయకూడదు.

ఆపడం నుంచి అడగడం దాకా

రాజుకు చెక్ చెబితే ఎదుటివాడు తన పథకం అక్కడ ఆపి రాజును కాచుకోవాలి. అందువల్ల 'చెక్' అంటే అడ్డు, నిలుపుదల. ఈ మెట్టు ఎంత సహజమో మన పత్రికలే చెబుతున్నాయి. 'పుకార్లకు చెక్' అని రాసే విలేకరికి పారశీకం తెలియనక్కర్లేదు, చదరంగం తెలిస్తే చాలు. చెక్‌డ్యామ్ కూడా ఈ అర్థంలోదే. మనకు దానికి అచ్చమైన మాట ఉంది, అడ్డుకట్ట. వాగుకు వేసేదీ అడ్డుకట్టే, అవినీతికి వేయాలని కోరేదీ అడ్డుకట్టే. ఇంగ్లీషులో ఆట నుంచి వాగులోకి దిగిన మాట, తెలుగులో వాగు నుంచి వ్యవహారంలోకి ఎక్కింది.

నిలుపుదల నుంచి 'సరిచూడటం' అనే అర్థం ఎలా వచ్చిందన్నది ఇంతకన్నా ఆసక్తి కలిగించే సంగతి. ఆపేవాడు, అడిగేవాడు ఒకడే కావడం వల్ల అని ఊహించవచ్చు. మన చెక్‌పోస్టులో బండి ఆపేవాడే కాగితాలు చూసేవాడు. ఊహకు ఊతమిచ్చే రాతలు ఇంగ్లండ్ రాజ సేవకుల లెక్కల్లో ఉన్నాయి. అక్కడ 'క్లర్క్ ఆఫ్ ది చెక్' అనే ఉద్యోగి ఉండేవాడు. పనికి ఎవరొచ్చారు, ఎవరు రాలేదు రాసుకోవడం, రానివాళ్ళ జీతం కోయించడం అతని పని. రాజుగారి ప్రార్థనామందిరపు గాయకుల రిజిస్టరు ఒకటి 1872లో అచ్చయింది. 1561 నుంచి 1744 దాకా సాగిన ఆ పుస్తకం పేరు 'ఓల్డ్ చెక్‌బుక్'. అందులో బ్యాంకు సంగతి ఒక్కటీ లేదు. అది నియామకాలు, హాజరు, జరిమానాలు, కట్టుబాట్ల పుస్తకం. చెక్ అంటే అదుపు, అదుపు అంటే లెక్క, లెక్క అంటే సరిచూపు, ఈ మూడూ ఒకే గుమస్తా బల్ల మీద కలిసిన చోటు అది.

ఈ అదుపు అర్థం తెలిస్తేనే బ్యాంకు చెక్కు అర్థమవుతుంది.

కాగితం ముందా, పేరు ముందా?

మీ చెక్కుబుక్కు ఒకసారి తెరవండి. కొన్ని పుస్తకాల్లో చెక్కు చించి ఇచ్చాక ఎడమ పక్కన సన్నటి ముక్క మిగులుతుంది. తేదీ, ఎవరికి, ఎంత అని మనం రాసి పెట్టుకునే చోటు. దాన్ని కౌంటర్‌ఫాయిల్ అంటాం. 18వ శతాబ్ది తొలి సంవత్సరాల్లో ఇంగ్లీషులో 'చెక్' అని పిలిచింది ఆ ముక్కనే. మోసగాడు అంకె దిద్ది తెస్తే పట్టుకోవడానికి మన దగ్గర మిగిలే అదుపు అది. తర్వాత ఆ అదుపు ఉన్న కాగితం మొత్తానికీ పేరు పాకింది. ఆ శతాబ్ది చివరికి డబ్బు చెల్లించమనే ఉత్తరువే చెక్ అయింది.

అలాంటి ఉత్తరువులు అంతకుముందు లేవని కాదు. లండన్‌లో మోరిస్, క్లేటన్ అనే వడ్డీ వ్యాపారుల మీద 1659 ఫిబ్రవరి 16 తేదీతో చేత్తో రాసిన ఒకటి ఇప్పటికీ భద్రంగా ఉంది. దాన్ని ఈనాడు మనం చెక్కు అంటున్నాం కానీ ఆనాడు దానికి ఆ పేరు లేదు. వస్తువు వయసు వేరు, పేరు వయసు వేరు. శబ్ద చరిత్ర రాసేవాళ్ళు ఎక్కువగా కాలు జారేది ఈ గట్టు మీదనే.

అరబ్బీ వాదం కూడా ఇక్కడే జారింది. అరబ్బీలో 'సక్' అనే రుణపత్రం ఉండేది, ఆ మాటే 'చెక్' అయిందని చాలాచోట్ల రాస్తుంటారు. 'సక్' ఉన్న మాట నిజం. 10వ శతాబ్ది యాత్రికుడు ఇబ్న్ హౌకల్ సహారా ఎడారి దక్షిణపు అంచున అవ్‌దఘుస్త్‌లో 42,000 దీనార్ల సక్ ఒకటి చూశానని రాశాడు. ఆయన అక్కడిదాకా వెళ్ళాడా అని కొందరు చరిత్రకారులు సందేహించినా, అలాంటి పత్రాలు ఆ వ్యాపారులకు బాగా తెలుసని ఆ రాత చెబుతోంది. ఇంగ్లీషు మాటతో దాన్ని కలపాలంటే 10వ శతాబ్దికీ 18వ శతాబ్దికీ మధ్య లాటిన్‌లోనో ఇటాలియన్‌లోనో ఫ్రెంచిలోనో డబ్బు అర్థంలో 'సక్' మెట్లు కనపడాలి. నిఘంటువులు చూపేది ఆ మెట్లను కాదు, కౌంటర్‌ఫాయిల్ అర్థంలో ఇంగ్లీషులోనే ఎదిగిన 'చెక్'ను. అరబ్బు వ్యాపారుల గొప్పతనం గొప్పతనమే. వాళ్ళ పత్రం చెక్కుకు తాత కావచ్చు, వాళ్ళ మాట మాత్రం కాదు.

ఇలాంటి ఉచ్చు మనకోసం కూడా ఒకటి పొంచి ఉంది. ఫిట్జ్‌నీల్ తన పుస్తకంలో ఇంకో మాట రాశాడు. ఇప్పుడు 'ఎక్స్‌చెకర్ దగ్గర' అంటున్న చోటును పూర్వం 'టాలీల దగ్గర' అనేవాళ్ళట. టాలీ అంటే లెక్క కర్ర. కర్రకు అడ్డంగా గాట్లు పెట్టి, నిలువునా రెండుగా చీల్చి, చెరొక సగం ఇచ్చిపుచ్చుకునేవాళ్ళు. రెండు సగాలూ అతికితే లెక్క సరి. శతాబ్దాల తరబడి పేరుకుపోయిన ఆ కర్రలను 1834 అక్టోబరు 16న పొయ్యిల్లో వేసి కాలుస్తుంటే మంట అదుపు తప్పి బ్రిటన్ పార్లమెంటు భవనమే తగలబడింది. కౌంటర్‌ఫాయిల్ అనే మాటలోని 'ఫాయిల్' కూడా ఆ కర్రలో ఒక సగానికి ఉన్న పేరే.

ఇప్పుడు తెలుగు చెవితో వినండి. లెక్క కర్ర అంటే చెక్క. గాట్లు పెట్టడం అంటే చెక్కడం. దాని వారసుడు చెక్కు. ధ్వని కలిసింది, అర్థం కలిసింది, వస్తువు కూడా కలిసింది! ఇంత అందంగా కుదిరాక 'చెక్కు మన తెలుగు మాటే' అని ఎవరైనా చాటితే చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. కొట్టకూడదు. ఇంగ్లీషు మాట ఏ శతాబ్దంలో ఏ రూపంలో ఉందో పైన మెట్టు మెట్టుగా చూశాం. ఆ మెట్లలో ఎక్కడా తెలుగు లేదు, చెక్క లేదు. కూరగాయల చెక్కు తీసే చెక్కు, శిల్పి చెక్కే చెక్కు, చెక్కుచెదరని చెక్కు మన ఇంటివి. బ్యాంకు చెక్కు అతిథి. మన భాషలో చివర ఉకారం తగిలించుకుని, బ్యాంకు, బస్సుల పక్కన కూర్చుంది. పోలిక యాదృచ్ఛికం.

తెలుగు మీద ప్రేమతోనే ఈ మాట అంటున్నాను. తెలుగు నుంచి ఇంగ్లీషుకు నిజంగా వెళ్ళిన మాటలున్నాయి. 'బాండికూట్' మన పందికొక్కే. 1886లో అచ్చయిన యూల్, బర్నెల్‌ల 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు దాన్ని తెలుగు మాటగా గుర్తించింది. పంది, కొక్కు అని విడదీసి చూపింది. జంతువు ఈ నేలది, మాట ఈ నేలది, దాన్ని విన్న ఐరోపావాళ్ళు ఈ తీరంలో ఉన్నవాళ్ళు. పరీక్షకు నిలబడే ఇలాంటి గొప్పలు మనకుండగా నిలబడనివి ఎత్తుకుంటే నిలబడేవి కూడా నవ్వులపాలవుతాయి.

రాత కోసం పుట్టిన తేడా

చెక్కును ఇంగ్లండ్‌లో ఒకలా, అమెరికాలో ఒకలా రాస్తారు. డాలరు జీతం అందుకునే మన పిల్లలు రాసేది సరిచూపుకు వాడే ఐదక్షరాల రూపం. మనం ఇక్కడ వాడేది క్యూ అక్షరమున్న పొడుగు రూపం. 1881 నాటి మన నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో ఉన్నదీ అదే. చెక్కు చెల్లకపోతే వర్తించే 138వ సెక్షన్ ఆ చట్టంలోనిదే. చాలామంది అమెరికా రూపాన్ని కురచ చేసిన కొత్త రూపం అనుకుంటారు. నిజం దానికి తలకిందులు. ఐదక్షరాల రూపమే పాతది. 1820ల చివర్లో బ్యాంకింగ్ మీద పుస్తకం రాసిన జేమ్స్ విలియం గిల్బార్ట్ తాను పొడుగు రూపం ఎందుకు ఎంచుకున్నాడో చెప్పాడు. ఎక్కువమంది రాసేది పొట్టి రూపమే అని ఒప్పుకుంటూనే, అర్థాల మధ్య గందరగోళం ఉండదనీ, ఎక్స్‌చెకర్ మాటతో పోలిక కుదురుతుందనీ కారణాలు చూపాడు. ఒక మాటకున్న రెండు అర్థాలను కంటికి వేరు చేయడానికి తెలిసే చేసిన పని ఇది. వ్యాకరణం వల్లనో ఉచ్చారణ వల్లనో వచ్చింది కాదు.

ఎక్స్‌చెకర్ పేరు ఇంకో ఇంటి గుమ్మం మీద కూడా ఉంది. బ్రిటన్ ప్రధానులు 1921 నుంచి విడిదిగా వాడుతున్న 'చెకర్స్' భవనం బకింగ్‌హామ్‌షర్‌లో ఉంది. 12వ శతాబ్దిలో ఆ నేల యజమాని ఎలియాస్, ఎక్స్‌చెకర్ ద్వారపాలకుడిగా ఉద్యోగం చేసినవాడు, కాబట్టి ఆ పేరు వచ్చిందని ఒక వాదం. అక్కడ పెరిగే 'చెకర్' చెట్ల వల్ల వచ్చిందని ఇంకో వాదం. మనిషి ఉద్యోగం రాతలో ఉంది కాబట్టి మొగ్గు అటువైపే ఉండాలి. కానీ రెండో వాదాన్ని కొట్టెయ్యడానికి చాలినంత బలం మొదటిదానికి లేదు.

మొత్తం మీద గొలుసు లెక్క ఇదీ: షాహ్ నుంచి చదరంగపు చెక్ దాకా, పలక నుంచి ఖజానా బల్ల దాకా, కౌంటర్‌ఫాయిల్ నుంచి చెక్కు దాకా కొక్కేలు గట్టివి. హకారం కకారమైన చోటు, నిలుపుదల సరిచూపుగా మారిన చోటు కొంచెం వదులు. లాగితే కదులుతాయి, ఊడిపోవు.

ఇంగ్లీషు మాటకు ఇన్ని తేదీలు దొరకడానికి కారణం ఒక్కటే. హాజరు పుస్తకాలు, శిస్తు లెక్కలు, చేత్తో రాసిన చీటీలు వాళ్ళు పారేయకుండా దాచుకున్నారు. మన ఊళ్ళలో అటకల మీద ఇప్పటికీ పాత జమాఖర్చు పుస్తకాలు, కోమటి కొట్టు చిట్టాలు, సహకార పరపతి సంఘాల మినిట్సు, తాతగారి బ్యాంకు కాగితాలు ఉంటాయి. 'చెక్కు' అనే మాట తెలుగు అక్షరాల్లో ఏ ఏట, ఏ ఊళ్ళో, ఏ అర్థంలో రాశారో చెప్పగలిగేవి అవే. అటక దులిపేటప్పుడు అలాంటిది కనపడితే పాత కాగితాలవాడికి తూకానికి వేయకండి. ఆ పేజీని ఫొటో తీయండి, తేదీ, ఊరి పేరు పక్కన రాసి పెట్టండి, దగ్గర్లోని గ్రంథాలయానికో తెలుగు శాఖ ఉన్న కాలేజీకో ఒక ప్రతి ఇవ్వండి.